బండి మనది.. తాళం కంపెనీది

వరదలో మునిగిన కార్ల నుంచి ఎల్లారెడ్డి రోడ్డు పక్క షెడ్ల దాకా.. షోరూం రిపేరు బిల్లు ఎందుకంత బరువు?

2025 ఆగస్టు 27, 28 తేదీల వాన కామారెడ్డి వాళ్ల కళ్లల్లో ఇంకా ఆరలేదు. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. 44వ నంబరు జాతీయ రహదారి మీద బండ్లు ఆగిపోయాయి. రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. పట్టణంలో జీఆర్ కాలనీ నీట మునిగింది. ఇళ్ల ముందు నిలిపిన కార్లు వరదలో తేలుతూ పోయిన వీడియోలు ఆ రెండు రోజులూ ఫోన్ల నిండా అవే. నీళ్లు తీశాక, బురద కడుక్కున్నాక, కార్లున్న ఇళ్లకు రెండో ముంపు వచ్చింది. దాని పేరు ఎస్టిమేటు.

మునిగి తేలిన కారు పైకి బాగానే కనిపిస్తుంది. లోపలి సంగతి వేరు. కార్పెట్ తడిస్తే దాని కిందుగా పోయే వైరింగ్ తడుస్తుంది. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ మాడ్యూల్ గేరు రాడ్డు దగ్గర, నేలకు ఆనుకునే ఉంటుంది. ‘ఒక్కపారి సెల్ఫ్ కొట్టి చూద్దాం’ అని ఆత్రపడితే మరీ ప్రమాదం. సిలిండర్‌లో చేరిన నీరు గాలిలాగా నొక్కుకుపోదు, కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. ఈ నష్టాన్ని బీమా కంపెనీ వరద పద్దులో వేయదు, యజమాని చేజేతులా తెచ్చుకున్నదంటుంది. ఇంజన్ ప్రొటెక్షన్ యాడాన్ లేని పాలసీ అయితే ఆ ఖర్చు మన నెత్తినే.

మొత్తం రిపేరు ఖర్చు బండి ఐడీవీలో (పాలసీలో రాసిన బండి విలువలో) 75 శాతం దాటిందా, దాన్ని టోటల్ లాస్ కింద రాసేస్తారు. అసలు కిటుకు ఇక్కడుంది. కారు ఐడీవీ ఏటా తగ్గుతూ పోతుంది, దాని పార్టుల ధర ఏటా పెరుగుతూ పోతుంది. ఏడెనిమిదేళ్ల చిన్న కారు దగ్గరికి వచ్చేసరికి రెండు గీతలూ ఎదురెదురుగా వచ్చి నిలబడతాయి. షెడ్డు మెకానిక్ ఉస్తాద్ చేతిలో పడితే ఇంకో ఐదేళ్లు తిరిగే బండి, షోరూం ధరల పట్టిక ప్రకారం చచ్చిపోయినట్టు లెక్క.

వరద ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఆ ధరల పట్టిక మాత్రం రోజూ పనిచేస్తూనే ఉంటుంది.

గీత పడితే బంపర్, బంపర్ పగిలితే..

కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి సుమారు 40 కిలోమీటర్లు. ఈ రోడ్డు మీద తిరిగే కార్లు హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో కనిపించే రకం కావు. గల్ఫ్ పైసలతో కొన్న సెకండ్ హ్యాండ్ బండ్లు, కిరాయికి తిప్పే పసుపు ప్లేటు బండ్లు, ఎరువుల బస్తాలు, కూరగాయల గంపలు మోసే బొలెరోలు. ఇలాంటి బండి రెండు రోజులు ఆగితే ఆ ఇంట్లో రెండు రోజుల సంపాదన ఆగుతుంది. పెద్ద పనికి కంపెనీ వర్క్‌షాపే కావాలనుకుంటే కామారెడ్డికో నిజామాబాద్‌కో పోవాలి. బండి మరీ ఖరీదైన బ్రాండుదైతే హైదరాబాద్ తప్పదు. అంటే బిల్లుకు ముందే డీజిల్, హైదరాబాద్ దారి అయితే భిక్కనూరు టోలు, ఒక పనిరోజు పోతాయి. ఈ ఖర్చు ఏ జాబ్‌కార్డులోనూ రాయరు.

ఇక జాబ్‌కార్డులో రాసేవాటి సంగతి. పొలం గట్టు తగిలి హెడ్‌లైట్ కొక్కెం ఒకటి విరిగిందనుకోండి. అద్దం బాగుంది, బల్బు వెలుగుతోంది, విరిగింది బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క. ఆ ముక్క విడిగా దొరకదు, ‘హెడ్‌ల్యాంప్ అసెంబ్లీ’ మొత్తం మార్చాలంటారు. అసెంబ్లీ అనే ఈ మాట షోరూం బిల్లుకు ప్రాణం. రబ్బరు బుష్ అరిగితే లోయర్ ఆర్మ్ మొత్తం, ఏసీలో చిన్న మోటారు పోతే బ్లోయర్ యూనిట్ మొత్తం. కోతిపుండు బ్రహ్మరాక్షసి అంటారే, అదే తంతు. నా బండికే ఒకసారి కిటికీ అద్దం స్విచ్ మొరాయిస్తే, ఊరూ పేరూ ఎందుకులే, ఒక షోరూంలో ప్యానెల్ అంతా మార్చాలన్నారు. బయట ఉస్తాద్ దాన్ని విప్పి, లోపలి కాంటాక్టులు గీకి, చాయ్ చల్లారేలోపు బిగించేశాడు.

బిల్లులో రెండో భాగం లేబర్. కంపెనీ వర్క్‌షాపులో లేబర్‌ను గడియారం చూసి లెక్కేయరు. ఏ పనికి ఎన్ని గంటలో ముందే ముద్రించిన చార్టు ఉంటుంది. చెయ్యి తిరిగిన కుర్రాడు సగం టైములో ముగించినా చార్టు టైముకే బిల్లు. దాని మీద 18 శాతం జీఎస్టీ. మూడోది, ఎవరూ అడగకుండానే చేరేది: ఇంజన్ డీకార్బనైజింగ్, ఏసీ డిసిన్ఫెక్షన్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, అండర్‌బాడీ కోటింగ్. వీటిలో కొన్ని ఎప్పుడో ఒకప్పుడు అవసరమే. పది వేల కిలోమీటర్లు కూడా తిరగని బండికి ప్రతి సర్వీసులోనూ ఎందుకన్నదే ప్రశ్న. సర్వీస్ అడ్వైజర్‌ను తిట్టి లాభం లేదు, అతని నెల టార్గెట్‌లో ఇవీ ఉంటాయి. కొత్త కారు అమ్మినప్పుడు డీలర్‌కు మిగిలేది సన్నగా ఉంటుంది. షోరూం కిరాయి, జీతాలు, బ్యాంకు వడ్డీ లాగేది వెనకున్న వర్క్‌షాపే. ముందు గాజు హాలులో ఇచ్చిన డిస్కౌంటు వెనక రేకుల షెడ్డులో వసూలవుతుంది.

ఇంతవరకూ అందరికీ ఎంతోకొంత తెలిసిందే. తెలియని సంగతి ఒకటుంది. ఈ ధరల వెనక ఉన్నది నైపుణ్యం ఖరీదు ఒక్కటే కాదని, తలుపు తాళం ఖరీదు కూడా అని ఈ దేశంలో ఒక చట్టబద్ధ సంస్థ పన్నెండేళ్ల కిందటే తేల్చి చెప్పింది.

2014 ఆగస్టు 25

2011 జనవరిలో షంషేర్ కటారియా అనే వినియోగదారుడు కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా గడప తొక్కాడు. హోండా, ఫోక్స్‌వ్యాగన్, ఫియట్ కంపెనీలు తమ స్పేర్‌పార్టులను బయటి మార్కెట్లో దొరకనివ్వడం లేదని, లోపాన్ని కనిపెట్టే పరికరాలు, సాంకేతిక మాన్యువళ్లు బయటి మెకానిక్‌లకు ఇవ్వడం లేదని, దాంతో జనం చచ్చినట్టు డీలర్ దగ్గరికే పోవాల్సి వస్తోందని ఫిర్యాదు. కమిషన్ విచారణ విభాగం తీగ లాగితే డొంకంతా కదిలింది. మూడు కంపెనీల కేసు పదిహేడు కంపెనీలకు పాకింది.

కంపెనీలకు పార్టులు తయారుచేసి ఇచ్చేవాళ్లు వేరే ఉంటారు. షాకబ్జర్ ఒకరు, బ్రేకు ప్యాడ్లు ఒకరు, ఫిల్టర్లు ఇంకొకరు. ఆ తయారీదారు అదే సరుకును నేరుగా బజారులో అమ్మకుండా ఒప్పందాలు ఉన్నాయని, డీలర్లు కూడా కౌంటర్ మీద పార్టు విడిగా అమ్మకుండా షరతులు ఉన్నాయని కమిషన్ తేల్చింది. కొన్ని పార్టుల మీద కొన్న ధరకు వంద శాతానికి మించి కలిపి అమ్ముతున్నారని కూడా విచారణలో బయటపడింది.

కంపెనీల వాదన బలహీనమైనదేమీ కాదు. కారు కొనేవాడు దాని జీవితకాలపు ఖర్చంతా లెక్కేసుకునే కొంటాడు, పార్టుల ధర నచ్చకపోతే వేరే బ్రాండు కొనొచ్చు, కాబట్టి పోటీ ఉన్నట్టే అన్నాయి. భద్రత అన్నాయి, నకిలీ సరుకు అన్నాయి, మా డిజైన్ల మీద మేధోసంపత్తి హక్కులు మావి అన్నాయి. కమిషన్ ఒప్పుకోలేదు. పదేళ్ల తర్వాత క్లచ్ ప్లేటు ధర ఎంత ఉంటుందో షోరూంలో తాళాలు అందుకునేవాడు ఎలా లెక్కేస్తాడు? లెక్కేయడానికి ఆ వివరాలు ఎవరిచ్చారు? ఒకసారి బండి కొన్నాక మనిషి ఆ బ్రాండుకు కట్టుబడిపోతాడు. అందుకే ఎవరి బ్రాండు పార్టుల మార్కెట్లో వాళ్లే ఏకఛత్రాధిపతులని తీర్మానించి, 2014 ఆగస్టు 25న 14 కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది. దేశంలో వాటి సగటు టర్నోవర్‌లో 2 శాతం. పెద్ద వాటా టాటా మోటార్స్‌ది, 1,346 కోట్లు. మారుతీ సుజుకీకి 471 కోట్లు. మహీంద్రాకు 292 కోట్లు. మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉన్న జహీరాబాద్, కామారెడ్డి, ఎల్లారెడ్డి ఓటర్లంతా కలిసి ఒకే ఎంపీని ఎన్నుకుంటారు. ఈ తీర్పు సంగతి మాత్రం ఏ ఎన్నికల సభలోనూ నేను వినలేదు. 2015 జులైలో హ్యుందాయ్‌కి విడిగా 420 కోట్ల జరిమానా పడింది.

ఆ పద్నాలుగింటిలో హిందుస్థాన్ మోటార్స్ కూడా ఉండటం నాకు విచిత్రంగా తోస్తుంది. అంబాసిడర్ కారు చేసిన కంపెనీ అది. ఏ ఊరి చెట్టు కిందైనా, ఏ ఉస్తాద్ చేతిలోనైనా, స్పానర్లూ సుత్తీ ఉంటే బాగుపడే కారు. బానెట్ ఎత్తితే ఇంజన్ చుట్టూ చెయ్యి ఆడేంత జాగా ఉండేది. ఉత్తరపరా ఫ్యాక్టరీలో దాని తయారీ 2014 మేలో ఆగింది. మూడు నెలలకు ఈ ఉత్తర్వు వచ్చింది. ఎవరైనా విప్పగలిగే కారు పోయిన ఏడాదే, విప్పనివ్వని కార్ల మీద తీర్పు రావడం కాకతాళీయమే కావచ్చు.

జరిమానా కన్నా ఉత్తర్వులోని ఆదేశాలు విలువైనవి. పార్టుల తయారీదారు బజారులో అమ్ముకోవచ్చు, అడ్డుపడొద్దు. బయటి మెకానిక్‌లకు పార్టులు, పరికరాలు అందనివ్వండి. బండిని బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ రద్దు చేయొద్దు, ఆ రిపేరు వల్లే నష్టం జరిగితే ఆ మేరకే కాదనండి. పార్టుల ధరలు, వాటికి సరితూగే ప్రత్యామ్నాయాలు, నిర్వహణ ఖర్చు మీ వెబ్‌సైట్లలో పెట్టండి.

తర్వాత జరిగింది మన దేశంలో పెద్ద కేసులన్నింటికీ జరిగేదే. కొన్ని కంపెనీలు అప్పీలు ట్రైబ్యునల్‌కు వెళ్లాయి. 2016 డిసెంబరులో ట్రైబ్యునల్ టయోటా, ఫోర్డ్, నిస్సాన్ విషయంలో తప్పు తప్పేనంది, జరిమానాను మాత్రం మొత్తం టర్నోవర్ మీద కాకుండా పార్టుల వ్యాపారం మీదే లెక్కించమంది. అమాంతం అంకె చిక్కిపోయింది. ఇంకొన్ని కంపెనీలు చట్టాన్నే సవాలు చేస్తూ ఢిల్లీ హైకోర్టుకు పోయాయి, 2019 ఏప్రిల్‌లో ఆ తీర్పు వచ్చింది. వ్యాజ్యాలు మెట్టు మీద మెట్టు ఎక్కుతున్నంత కాలం కంపెనీలు పాత పద్ధతి మార్చుకోవాల్సిన తొందరేముంది? ఈలోపు ఎల్లారెడ్డిలో కారున్న మనిషికి చేరింది ఒకే ఒక్క మాట: ‘బయట చేపిస్తే వారంటీ పోతది.’

ఈ భయమే షోరూంకు పెట్టుబడి. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఇలాంటి షరతును అడ్డుకుంటుంది. మసాచుసెట్స్ రాష్ట్ర ప్రజలు 2012లో ఏకంగా ఓటు వేసి రిపేరు హక్కు చట్టం తెచ్చుకున్నారు. ఐరోపాలో బయటి వర్క్‌షాపులకు సాంకేతిక సమాచారం ఇవ్వాలన్న నిబంధనలు ఏళ్ల నుంచి ఉన్నాయి. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసి, ఆ డిసెంబరు 24న పోర్టల్ తెరిచింది. ట్రాక్టర్లు, సెల్‌ఫోన్లు, ఇంటి సామాన్లతో పాటు కార్లు కూడా అందులో ఉన్నాయి. పోర్టల్‌కూ చట్టానికీ మధ్య దూరం మాత్రం చాలా ఉంది.

ఉస్తాద్‌కు అందనిది

షెడ్డును ఆకాశానికి ఎత్తడం నా ఉద్దేశం కాదు. కామారెడ్డి ఉస్తాద్ క్లచ్ ప్లేటు కళ్లు మూసుకుని మారుస్తాడు, ఇంజన్ శబ్దం విని బేరింగ్ అరిగిందో ట్యాపెట్ వదులైందో చెబుతాడు. బీఎస్-6 డీజిల్ బండి డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగితే మాత్రం చెవితో పని జరగదు. బజారులో దొరికే స్కానర్ ఓబీడీ సాకెట్‌కు పెడితే మామూలు కోడ్‌లు చదువుతుంది. ఇంజెక్టర్ మార్చి కోడింగ్ చేయాలన్నా, కొత్త తాళంచెవిని బండికి గుర్తుపట్టించాలన్నా కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. అది అతనికి అమ్మరు. అతను ‘మావల్ల కాదన్నా, కంపెనీకే పో’ అంటాడు. పని రాక అన్న మాట కాదది. కమిషన్ ఉత్తర్వు సరిగ్గా ఈ తాళం గురించే.

నకిలీల బెడద కూడా కల్పన కాదు. పేరున్న కంపెనీ డబ్బాలో ఎక్కడో ఒత్తిన ఆయిల్ ఫిల్టర్, రాళ్లలా గట్టిపడే బ్రేక్ ప్యాడ్ చిన్న ఊళ్లకే ముందు చేరతాయి. బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్ జోలికొచ్చినప్పుడు నేనైతే నాలుగు రూపాయలు ఎక్కువైనా కంపెనీ సరుకే అడుగుతాను. అలాగని ప్రతిదానికీ ‘ఒరిజినల్’ మంత్రం పనికిరాదు. కార్ల కంపెనీ డబ్బాలో వచ్చే షాకబ్జర్‌ను గాబ్రియల్ లాంటి తయారీదారు చేసి ఇచ్చి ఉండొచ్చు, అదే తయారీదారు సొంత డబ్బాలో సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాల్లోనూ దొరకొచ్చు. ‘ఒరిజినల్’కూ ‘డూప్లికేట్’కూ మధ్య ఈ మూడో రకం ఉందన్న సంగతి కొనేవాళ్లలో సగం మందికి తెలియదు, తెలిసిన దుకాణాదారు లాభాన్ని బట్టి చెబుతాడు. డబ్బా మీద తయారీదారు పేరు, పార్టు నంబరు, ప్యాకింగ్ నెల, ఎంఆర్‌పీ ఉన్నాయా లేదా అని చూడటం అర నిమిషం పని.

ఎంఆర్‌పీ అంటే గుర్తొచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో పార్టులన్నింటి మీదా జీఎస్టీ 18 శాతానికి దిగింది. అంతకుముందు చాలావాటి మీద 28 ఉండేది. పన్ను కాకుండా పది వేలు ఉండే పార్టు 12,800 నుంచి 11,800కు రావాలి. వచ్చిందో లేదో పాత బిల్లు, కొత్త బిల్లు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

‘బీమా ఉంది కదా’

షోరూంలో అతి ఖరీదైన మాట ఇదే. బీమా పాలసీ చూడకుండా తల ఊపితే నష్టం మనకే. యాడాన్ లేని మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, బ్యాటరీకి, టైర్లకు సగమే వస్తుంది. ఫైబర్‌కు 30 శాతం కోత. గాజుకు కోత లేదు. లోహపు భాగాలకు బండి వయసును బట్టి కోత పెరుగుతూ, ఐదేళ్లు దాటితే 40, పదేళ్లు దాటితే 50 శాతానికి చేరుతుంది. పైగా చిన్న కారుకు ప్రతి క్లెయిమ్‌లో వెయ్యి రూపాయలు మనమే కట్టాలి. ఇప్పుడు బంపర్ చూడండి. అది ప్లాస్టిక్. పార్టుల ధర ఎంత ఉబ్బితే మన సగం అంత ఉబ్బుతుంది. ఇంకో దెబ్బ ఏడాది తర్వాత తగులుతుంది. క్లెయిమ్ లేకుండా ఐదేళ్లు నడిపిన బండికి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం వచ్చే నో క్లెయిమ్ బోనస్, ఒక్క గీతకు క్లెయిమ్ చేస్తే సున్నాకు పడిపోతుంది. కామారెడ్డిలో డెంటింగ్, పెయింటింగ్ చేయించి చేతి నుంచి కట్టడమే చాలాసార్లు చవక. అడ్వైజర్ ఈ లెక్క చెప్పడు, చెప్పడం అతని ఉద్యోగమూ కాదు.

పెద్ద ప్రమాదమైతే మాత్రం క్యాష్‌లెస్ ఉన్న వర్క్‌షాపే మేలు. చాసిస్ వంగిన బండిని గొలుసులు కట్టి లాగించే రోజులు పోవాలి.

బిల్లు దగ్గర నోరు విప్పడానికి మనవాళ్లకు మొహమాటం ఎక్కువ. ఎస్టిమేటు కాగితం మీద తీసుకుని, దాన్ని దాటే ప్రతి పనికీ ముందు ఫోన్ చేయమని జాబ్‌కార్డు మీదే రాయించండి. తీసేసిన పాత పార్టులు డిక్కీలో పెట్టమనండి. ఈ ఒక్క మాటతో ‘మార్చాలి’ అన్నవి కొన్ని ‘ఇంకో ఆరు నెలలు వస్తది’గా మారడం నేను చూశాను. పార్టు నంబరు అడిగితే ఇంటర్నెట్‌లో ధర చూసుకోవచ్చు. బిల్లు ఇవ్వననడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి, షోరూంకూ ఇదే సూత్రం, షెడ్డుకూ ఇదే. ఫోను చేయడానికి 1915 ఉంది. జిల్లా కమిషన్‌లో కేసు వేయాలంటే, మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, ఇంట్లో నుంచే ఆన్‌లైన్‌లో వేయొచ్చు.

మెదక్ నుంచి ఎల్లారెడ్డి మీదుగా రుద్రూర్ వైపు జాతీయ రహదారి విస్తరిస్తోంది. రోడ్డు వస్తే బండ్లు పెరుగుతాయి, ఇప్పుడు వచ్చేవాటిలో కరెంటు కార్లూ ఉంటాయి. వాటిలో ఇంజన్ ఆయిల్ లేదు, ఆయిల్ ఫిల్టర్ లేదు, క్లచ్ లేదు. ఉస్తాద్ బతుకుతున్న పనుల్లో సగం వాటితోనే పోతాయి. ఆ కార్లలో ప్రధానంగా ఉండేవి బ్యాటరీ, సాఫ్ట్‌వేర్. అవి పెట్రోలు బండి కన్నా గట్టి తాళం కింద ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వం 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తోంది, విద్యుత్ వాహనాల కోర్సు కూడా అందులో ఉంది. మంచి పని. అక్కడ చదివిన ఎల్లారెడ్డి కుర్రాడు సర్టిఫికెట్ పట్టుకుని సొంత ఊళ్లో షెడ్డు తెరిస్తే, టాటా కారు కంప్యూటర్ తెరిచే సాఫ్ట్‌వేర్ అతనికి అమ్ముతారా, ఎంతకు అమ్ముతారు? 2014 ఉత్తర్వులో అత్యధిక జరిమానా పడిన గ్రూపు, ఇప్పుడు మన పిల్లలకు పాఠం చెబుతున్న గ్రూపు ఒకటే. ఆ సాఫ్ట్‌వేర్ బయటి మెకానిక్‌కూ అమ్మాలన్న ఒక్క షరతు ఒప్పందం కాగితాల్లో చేర్చమని హైదరాబాద్‌లో ఎవరైనా అడగొచ్చు.